మంగళవారం సంతకం

మంగళవారం అపామ్‌లో ఎవరూ వేటకు వెళ్ళరు.
ఆ రోజు సముద్రానిది.
పడవలు ఇసుకలో పక్కకు ఒరిగి
వీపులు ఎండబెట్టుకుంటాయి.
నేనూ మంగళవారం పుట్టినవాణ్ణే,
అందుకే కోబీనా అన్నారు.
సెలవునాడు పుట్టినంత మాత్రాన
బద్ధకం నా హక్కని అమ్మ ఏనాడూ ఒప్పుకోలేదు.

పదహారో ఏట బడిలో ఒక నీలం పుస్తకం ఇచ్చారు.
కంచు బిళ్ళ కావాలంటే ఇందులో గళ్ళన్నీ నిండాలి:
సేవ ఇన్ని గంటలు, ఒంటికి శ్రమ ఇన్ని గంటలు,
కొత్తగా ఒక పని నేర్చినట్టు రుజువు,
కాలినడకన రెండు పగళ్ళు, ఒక రాత్రి.
ప్రతి గడి పక్కనా పెద్దవాళ్ళెవరో సంతకం చేయాలి.
'నీ సొంత లక్ష్యం' అన్నచోట
ఈత అని రాసి, చటుక్కున మూసేశాను.
మూడు తరాల జాలరి ఇంట్లో
మోకాటి లోతు దాటనివాణ్ణి నేనొక్కణ్ణే.

సేవకు ఎజీర్ తాత దొరికాడు.
చూపు మసకబారింది, వేళ్ళు మాత్రం ఇంకా పదును.
వలకు చిక్కిన సంచులూ, నీళ్ళ పొట్లాల తోళ్ళూ
నేను ఏరుతుంటే
తెగిన చోటు తాత తడిమి పట్టుకునేవాడు.
"ముడి బిగించేటప్పుడు మాట్లాడకు,
మాట ఇరుక్కుంటుంది" అనేవాడు.
నేను వేసిన మొదటి ఇరవై ముళ్ళూ
పల్లెత్తు మాట అనకుండా విప్పేశాడు.

నాలుగో వారం పుస్తకం చాపాను.
తాత నీళ్ళు నమిలాడు.
కళ్ళద్దాలు లేవన్నాడు.
కలం ఈ చేతిలో నిలవదన్నాడు.
చేపల సంఘం రసీదుల మీద
ఆయన బొటనవేలి నీలి మచ్చ నేను చూసిందే.
తెలిసీ చాపాను. అది ఇంకా గుచ్చుకుంటుంది.

వేలిముద్ర చెల్లదన్నారు అబాకా టీచర్.
ఇంకెవరితోనైనా పెట్టించుకో అన్నారు.
ఇంకెవరో ఎందుకని
కరెంటు పోయిన రాత్రి, ఫోను వెలుతురులో
నేనే పెట్టాను
నాలుగు గళ్ళలో, నాలుగు రకాల వణుకుతో.

పై మంగళవారం తాత అడిగాడు:
"ఏం రాశావక్కడ?"
"నీ పేరు."
వేలితో తడిమాడు. కాగితం మీద ఏమీ తగల్లేదు.
"ఇంత చిన్నవాణ్ణా నేను?"

నవ్వాడో లేదో తలెత్తి చూడలేదు.
ఆ పేజీ చింపేశాను. పన్నెండు గంటలు.
సముద్రంలో విసరబోయి, ఏరుతున్న సంచులు గుర్తొచ్చి,
జేబులో కుక్కుకున్నాను.

అప్పట్నుంచి మా మంగళవారానికి రెండు ముక్కలు.
ముందు వల. పొద్దు వాలాక
పడవ పొట్ట మీద బొగ్గుతో అక్షరాలు.
ప్రతి అక్షరాన్నీ ముడిలాగే పట్టాడు తాత:
ఇక్కడ లోపలికి, ఇక్కడ చుట్టి, ఇక్కడ బిగించు.
మొదటి అక్షరాన్ని మూడు పళ్ళ దువ్వెన అన్నాడు.
వెల్లకిలా, బోర్లా, వెనక్కి తిప్పి
అది ఎన్ని రకాలుగా పడుకోగలదో అన్ని రకాలుగా రాశాడు.
వాన వచ్చి తుడిచేస్తే
"మంచిదే, తప్పులన్నీ దానికే పోయాయి" అన్నాడు.
మిగిలినవి నేను తుడిచేవాణ్ణి,
పల్లెత్తు మాట అనకుండా.

ఈత సంగతా?
లంగరు తాడు దాకా వెళ్ళాను, వచ్చాను.
తాగిన ఉప్పునీళ్ళకు
పుస్తకంలో గడి లేదు.

బిళ్ళ ఏడాది ఆలస్యంగా వచ్చింది.
కేప్ కోస్ట్‌లో, ఒక శుక్రవారం, ఇస్త్రీ బట్టల మధ్య.
తాత రాలేదు. ఆ వారం చేపలు బాగా పడుతున్నాయి.
కోటు వేసుకున్న అధికారి పేజీలు తిప్పుతూ ఆగాడు.
"ఈ గడి దాటి, పక్క గడి దాటి,
అంచుదాకా పాకిన ఈ గీతలేమిటి?"

సంతకమండీ, అన్నాను.
వలలు బాగుచేసే ఆయనది.
ఒక్క గడిలో పట్టలేదు.