మూడో బంతి

మందమర్రి బడిల డాక్టర్ల క్యాంపు.
ప్లాస్టిక్ డబ్బాల మూడు నీలం బంతులు.
"గట్టిగ పీల్చు బిడ్డా" అన్నది నర్సమ్మ.
దుర్గం అఖిల, నాలుగో తరగతి,
ముందు కిటికీ దిక్కు చూసింది.

ఆ చూపు నేను నేర్పిందే.
బొగ్గు టిప్పర్ ఎదురైతే
మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టుమన్న,
ఇరవై లెక్కపెట్టుమన్న.
మొన్నమొన్నటిదాకా ఇరవై దాటేటోళ్లు.
ఇప్పుడు పదకొండుకే నోళ్లు తెరుస్తున్నరు,
టిప్పర్లేమో ఒకదాని తోక పట్టుకొని ఇంకొకటి.

మొదటి బంతి ఎగిరింది.
రెండోది సగం దాకా పోయి వణికింది.
మూడోది అడుగునే.

పొద్దున తుడిచిన బెంచీ మీద
అప్పటికే నల్లపొర. వేలితోని సున్నా గీసుకుంట
"టీచర్, మూడోది ఇనుపదా?" అడిగింది.

మూడూ ఒక్క తీరు బరువేనని
చెప్పలే నేను.