సేకరణ

పాత టేపొకటి ఉంది నా దగ్గర.
బూజు పట్టింది, పాడదు.
అయినా అమ్మను.

ఒంగోల్లో కర్నూలు రోడ్డు మీద మా క్యాసెట్ల కొట్టు.
వెనక గది గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టి
రికార్డింగు అని బోర్డు రాయించిన రోజులు.
ఒక మధ్యాన్నం టంగుటూరు బస్సు దిగి వచ్చింది
దారా సలోమి.
చెక్కులు కట్టే గోనెపట్టాలో
చంటిబిడ్డలా చుట్టుకొచ్చింది గిటారుని.
"ఎంత తీసుకుంటావబ్బయ్యా, ఆరు పాటలకు?"

చేతులు చూశాను.
గ్రేడింగు షెడ్డులో ఇరవయ్యేళ్లు ఆకు విడదీసిన చేతులు.
సబ్బుకు లొంగని జిగురు.
ఆ వేళ్లతో తీగ నొక్కితే
స్వరం కాస్త ఆలస్యంగా ఊడొచ్చేది.

ఎక్కడిదీ గిటారంటే నవ్వింది.
మిషనాసుపత్రి మలయాళీ నర్సు గల్ఫుకు పోతూ
పాల బాకీ కింద వాళ్లమ్మకిచ్చి పోయిందట.
"రెండు నెల్ల గేదెపాలు! మాయమ్మ సచ్చిందాకా తిట్టింది."
నేర్పినవాళ్లు లేరు.
పినాకిని కూతకు పై తీగ సరిచేసుకునేది,
మిగతావి దాని వెంట నడిచేవి.
అయిదోది తెగితే సైకిలు బ్రేకు వైరు.

పాటలూ అట్టాగే.
బ్యారన్ కాలే రాత్రుళ్లు
సెగ కాసే నాన్న కునుకు తీయకుండా కట్టినవి,
మొగుడు పోయిన ఏడు
ఏడవను తీరిక లేక కట్టినవి,
వేలం రోజు గేటు బయట నిలబడి
కొనేవాళ్ల కారు అద్దాలు దాటేట్టు కట్టిందొకటి:
ఆకుకు ధర చెప్పిన అయ్యా
అల్లిన వేలికి ఎంతయ్యా
మర్నాడు గేటుకు కాగితం అంటించారు, ఇక్కడ పాడరాదని.
ఆ కాగితానికీ ఓ పాట కట్టింది.

రేడియో వాళ్లు బెజవాడ పిలిచారొకసారి.
గిటారు జానపదం కాదన్నారు,
పక్కన పెట్టి పాడమన్నారు.
"చెయ్యి తీసి పక్కన పెట్టమన్నట్టుంది" అని
సాయంత్రం బండికే తిరిగొచ్చింది.
చర్చిలోనేమో
దేవుడి పాట కానిది గిటారు మీద వద్దన్నారు.

ఇక నా సంగతి.
అట్ట మీద నాగలి, పొద్దు, కుండ మోసే పిల్ల.
రాసిందెవరు, అడిగాడు ప్రెస్సువాడు.
జనం పాటలు కదా, అన్నాను.
సేకరణ అని పెట్టి కింద నా పేరు వేయించాను.
ఆ పూట అబద్ధమని కూడా అనిపించలేదు.

మూడు వేల క్యాసెట్లు పోయాయి.
ఆమెకు నూటయాభై, ఒక కొత్త తీగల సెట్టు.
అట్ట అటూ ఇటూ తిప్పింది. చదువొచ్చు ఆమెకు.
"ఈ పిల్ల కుండ పట్టుకున్న తీరు సూడు, పడిపోద్ది"
అని మాత్రం అంది.

తర్వాత పెళ్లి బ్యాండుల్లో విన్నాను,
కందుకూరు తిరునాళ్లలో విన్నాను,
ఇప్పుడు ఆటోడ్రైవర్ల ఫోన్లలో.
ఎక్కడా ఆమె పేరు లేదు.
నా పేరూ లేదు లెండి. కొంచెం ఊరట.

పోయినేడు వెళ్లాను, ఒప్పుకుందామని.
రైలు గేటు పక్క రేకుల ఇల్లు,
గిటారుకు మిగిలినవి మూడు తీగలు.
నేను గొంతు సవరించుకునేలోపే అంది:
"నీ క్యాసెట్టులో నాలుగో పాట, రెండో చరణం
తప్పు పాడాను, తెలుసా?
ఇయ్యాల అందరూ ఆ తప్పుతోనే పాడతన్నారు.
యాడ విన్నా నవ్వొస్తది."

మరి సరైనదేంది, అడిగాను.
చెప్పింది.
అప్పుడే పినాకిని వచ్చింది, నాకు వినబడలేదు.
ఆమె మాత్రం తల వంచి,
కూత ఆగేదాకా
పై తీగ బిరడా తిప్పుతూ కూచుంది.