పుర్రచేతి కొడవలి

గోడకి రెండు మేకులు. వాటి మీద పడుకుని ఉంది
నిలబడి గడ్డి కోసే పొడుగు కొడవలి.
మనిషంత కర్ర, మూరన్నర అలుగు.
తోడెర్ పోయాక రెండేళ్ళు
దాన్నెవరూ దించలేదు.
దించినా ఎవరికి పనికొస్తుంది, అది పుర్రచేతిది.

మా మరమురేష్ లోయలో అందరి కొడవళ్ళూ
కుడి నుంచి ఎడమకి ఊగుతాయి.
తోడెర్‌ది ఎదురు.
పక్క ఊరి కమ్మరి రెట్టింపు అడిగాడట ఆనాడు:
"పుర్రచేతివాడికి పెళ్ళాన్నైనా వెతకొచ్చు గానీ
అలుగు దొరకదు నాయనా, నేనే వంచాలి."
రెట్టింపూ ఇచ్చాడు.
మరుసటేడు నన్ను వెతుక్కున్నాడు.

కొన్నది అలుగొక్కటే. కర్ర వాళ్ళ నాన్న చెక్కింది,
కొడుకుని తలుపుకి ఆనించి నిలబెట్టి
బొడ్డు దగ్గరొక గీత, గడ్డం దగ్గరొక గీత,
దర్జీ కొలతలు తీసుకున్నట్టు.
పిడికి ప్లమ్ కొమ్మ.
బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం,
ముప్ఫై ఒక్క వేసవులు అరగదీసిన పల్లం.
వానచుక్క పడితే అందులో నిలుస్తుంది.

ఈ జూన్‌లో మరిది గవ్రిలా పెట్రోలు మిషన్ తెచ్చాడు.
మంచి మిషన్, నేను తిట్టను.
పెద్ద గడ్డిబీడుకి మధ్యాహ్నానికల్లా గుండు కొట్టేసింది.
ప్లమ్ చెట్ల కింద వాలు మాత్రం మిగిలింది,
రాళ్ళు, వేళ్ళు, తేనెపెట్టెలు.
ఆ మోతకి తేనెటీగలు ఊరుకోవు,
గవ్రిలాకి చెవి వాచింది.

కొడవలి దించాను.

ముందు అలుగు అంచు పలచగా సాగగొట్టాలి.
మొద్దులో దిగేసిన దాగలి, చిన్న సుత్తి.
ఒకప్పుడు జూన్ సాయంత్రాలు ఊరంతా ఇదే చప్పుడు,
ఏ సుత్తి ఎవరింటిదో నిద్రలో కూడా చెప్పేవాళ్ళం.
నాది ఎవరూ గుర్తుపట్టలేదు.
కంచె అవతలి నుంచి ముసలి ఒనిసిమ్ కేకేశాడు:
"ఎవరది? తలుపు తీసే ఉంది, రండి!"

తెల్లారకముందే వెళ్ళాను, మంచు తడి ఆరకముందే.
నడుముకి ఆవుకొమ్ము, కొమ్ములో నీళ్ళు, నీళ్ళలో సానరాయి.
మొదటి వేటు నేలలో దిగింది.
రెండోది గాలిని కోసింది.
నా కుడిచెయ్యి ప్రతిసారీ ముందుకొస్తుంది,
పెళ్ళిపందిట్లో పెద్దమనిషిలా, అంతా తనకే తెలుసన్నట్టు.
దాన్ని వెనక్కి పంపడానికే మూడు పొద్దులు పట్టింది.

నాలుగోనాడు గడ్డి పడుకుంది.
విరగలేదు, నలగలేదు, "స్‌స్‌" అని
పిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు ఒక చప్పుడు, అంతే.
నా కుడి పక్కన వరసగా పడుతోంది.
కుడి పక్కన.
ఆగిపోయాను.

ఊరి కోతలో పన్నెండు మంది
ఒకరి వెనక ఒకరు మెట్లుమెట్లుగా కదిలేవాళ్ళు,
మధ్యలో పాటలు, వెక్కిరింతలు, చేతులు మారే సారా సీసా.
తోడెర్ ఒక్కడూ బీడు అవతలి అంచున.
పొగరనుకున్నాను.
ఒకసారి దెప్పాను కూడా, అత్తగారి ముందే:
"మనుషులు పడరు ఈయనకి."
రొట్టె తుంచుకుంటూ ఊరుకున్నాడు.
పుర్రచేతి కొడవలి ఆ వరసలో నిలబడితే
పక్కవాడి మడమ తెగుతుంది.
సంగతి అంతే.
చెప్పొచ్చుగా, ఒక్క ముక్క!

మిగిలిన వాలంతా కోశాను. అలుపొస్తే ఆగి
సానరాయి తీసి అటొకసారి ఇటొకసారి,
వంట మధ్యలో ఉప్పు చూసినట్టు.
బొటనవేలు ఆ పల్లంలో ఇంకా వదులే,
ఆయన వేలు పెద్దది.

"సంతలో కుడిచేతిది వంద లేయిలేగా వదినా,"
అన్నాడు గవ్రిలా.
"కొనొచ్చు," అన్నాను.

శనివారం ఒనిసిమ్ దగ్గరికి పట్టుకెళ్ళి
కర్ర నా ఎత్తుకి నాలుగు వేళ్ళు కోయించాను.
పిడి జోలికి పోవద్దన్నాను.
కోసిన ముక్క పొయ్యిలో పెట్టాను.
ముప్ఫై ఏళ్ళుగా ఎండిన కర్ర,
చక్కగా అంటుకుంది.