నాలుగో కాలు

కొళత్తూరు అంగడిలో కుర్రాడు
జాతి చెప్పి మరీ అమ్మాడు.
"సింహం తల జాతక్కా, బెదురెక్కువ.
ఎత్తుకుంటే తన్నుతుంది,
నేల మీదుంటే రాజు."
మెడ చుట్టూ జూలు, మధ్యలో పిడికెడు మొహం.
జమీందారు అని పేరు పెట్టాను.

పెరంబూరులో రెండో అంతస్తు.
ఒక గది, ఒక బాల్కనీ, ఒక కుట్టుమిషను:
అదీ వాడి ఎస్టేటు.
మిషను కాలికీ, కత్తెరల పెట్టెకీ,
ఆదివారానికి ఇవ్వాల్సిన జాకెట్ల మూటకీ
గడ్డం రాసి రాసి
స్టాంపు ఖర్చు లేకుండా రిజిస్ట్రీ చేసుకున్నాడు.
నా మడమని కూడా.

కింద ఇంట్లో మరకతం గారి అమ్మిణి.
చెవులు చేటల్లా వేలాడే జాతి.
శాంతమంటారు ఆ జాతిని,
ఒళ్లో వేసుకుంటే
పిండి ఆరేసిన తువ్వాల్లా పడుంటుందంటారు.
దాని జత కిందటి ఎండల్లో పోయింది.
అప్పట్నుంచీ అది గడ్డి మానేసి
బోను కడ్డీలు కొరుకుతోందట.
ఈ మాట మరకతం గారు నాకు చెప్పలేదు.
పాలవాడికి చెప్పారు,
నాకు వినపడేటట్టు.

మాకు మాటల్లేవు మరి.
నీళ్ల మోటారు బిల్లు
సగం సగమా, మనిషికింతనా అని
రెండేళ్ల కింద మొదలైంది.
ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్లు.
నేను పట్టినదానికీ అంతే.

వేపేరి డాక్టరమ్మ
రెండింటికీ ఆపరేషన్లు చేసి, కుట్లు మానాక చెప్పింది:
"ఎవరింట్లోనూ కలపకండి.
ఎవరి వాసనా లేని చోటు చూడండి."
మా మేడలో అలాంటిది ఒక్కటే,
మెట్ల మలుపు, మీటర్ల పెట్టె కింద.
మా పోట్లాట పుట్టింది కూడా అక్కడే.

మొదటి రోజు పొద్దున ఆరింటికి
గుడ్డ మీద గీసే సుద్దతో అడ్డంగా గీత గీశాను.
గీతకి అటు ఆవిడ, ఇటు నేను,
తలో తడిగుడ్డతో.
జమీందారు గోడకి అతుక్కుపోయాడు.
శాంతమైన జాతి అమ్మిణి
ఒక్క గెంతున వచ్చి గుప్పెడు జూలు పీకింది.
"మాది అలాంటిది కాదు" అన్నారు మరకతం గారు
అరవంలో.
పాలవాడు లేడు కాబట్టి నాతోనే.
"తెలుస్తూనే ఉంది" అన్నాను
తెలుగులో.

నాలుగో రోజు వాడు వెనక కాలితో నేలని తన్నాడు.
ఎంత చప్పుడంటే
మూడో అంతస్తువాళ్లు తలుపు తీశారు.

ఏడో రోజు
ఒకరికొకరు వీపులు తిప్పి
ఎవరి మొహం వాళ్లు కడుక్కున్నారు.
చూడనట్టుండటం మంచి గుర్తని డాక్టరమ్మ ఫోనులో అంది.
రెండేళ్లుగా మేం చేస్తున్నదీ అదే.
మాకెవరూ చెప్పలేదు.

పదకొండో రోజు.
కత్తిరి ఎండలు, రాత్రంతా కరెంటు లేదు.
తెల్లారేసరికే మెట్లు పెనంలా ఉన్నాయి.
గడ్డకట్టిన సీసా ఒక్కటే మిగిలింది.
సీసా ఆవిడది,
చుట్టిన లైనింగు గుడ్డ నాది.
అటొకరు, ఇటొకరు సీసాకి ఆనుకున్నారు.
ఐసు కరిగింది. సీసా కొంచెం దొర్లింది.
అమ్మిణి తల దించి
వాడి గడ్డం కింద పెట్టింది.
లొంగిపోయిందనుకున్నాను.
కాదు, నాకమని ఆజ్ఞట అది.
జమీందారు చాలాసేపు ఆలోచించాడు.
తర్వాత ఆ చేట చెవి మొదట్లో
ఒకసారి నాకాడు.
ఆగాడు.
మళ్లీ నాకాడు.

సుద్ద గీత వాడి పొట్టకి అంటుకుని ఉంది.

మరకతం గారు లోపలికెళ్లి
రెండు గ్లాసుల కాఫీతో వచ్చారు.
చక్కెర ఎక్కువ. ఏమీ అనలేదు నేను.
కరెంటు వచ్చింది, మీటర్లు తిరగడం మొదలుపెట్టాయి.
మోటారు వేసే వేళ.
ఎవరమూ లేవలేదు.

ముద్దగా పడుకున్న ఆ రెండింటినీ చూస్తూ
ఆవిడ వేలితో లెక్కపెట్టారు.
నేనూ లెక్కపెట్టాను.
ఎనిమిది ఉండాలి కదా.
ఎటు నుంచి చూసినా
ఆరే కాళ్లు.