ఊదా చుక్కలు

చెప్పు మూడో మెట్టు మీదే ఊడిపోయింది.
పై అంతస్తుకి చేరాక గాని
బోగ్నా చూసుకోలేదు.
పాదం చెప్పలేదు.

వూచ్ నగరంలో బట్టలమిల్లులన్నీ మూతబడేదాకా
మగ్గాల హోరులో బతికిన మనిషి.
అంత హోరులోనూ
పోగు తెగితే చెవితో పట్టేది,
పరుగున పోయి ముడేసేది.
ఇప్పుడు తెగిన పోగు తనలోనే,
నడుముకి జానెడు పైన.
చప్పుడు లేదు.

లింఫ్ గ్రంథుల కేన్సర్. ఆరు విడతల మందు.
ఎలుకల మీద కోపంతో
ఇల్లు తగలబెట్టుకున్నట్టు కాదులెండి,
ఇల్లు నిలిచింది, అంటుంది డాక్టర్ యగోదా.
కావలివాళ్ళే మిగల్లేదు.

వెన్నులోంచి తీసిన నీటిచుక్కలో దొరికింది
ఏడేళ్ళప్పుడు పోసిన ఆటలమ్మ.
మచ్చలు మానాయి, గౌనులు పొట్టివయ్యాయి,
పెళ్ళయింది, మిల్లు పోయింది, మొగుడు పోయాడు,
అది మాత్రం నరం మొదట్లో ముడుచుకుని
అరవై రెండేళ్ళు ఓపిగ్గా పడుకుంది.
కాపలా లేని రాత్రి చూసి లేచింది.
వెన్నుపాముకే విషమెక్కింది.

ఎనిమిది గంటలకోసారి సీసా మారుస్తారు.
మధ్యలో పొద్దు, దాని మానాన అది.

విటెక్ ట్రాము దిగి వచ్చాడు, టోపీ మీద మంచు.
కూర్చోకుండానే అన్నాడు:
"బడి నుంచి నేనే తెచ్చి నీకంటించాను."
దొంగతనం ఒప్పుకున్న పిల్లాడిలా.

ఒకే మంచం, ఒకే దుప్పటి, ఆ చలికాలం.
అమ్మ ఇద్దరి ఒంటినిండా
ఊదారంగు మందు చుక్కలు పెట్టింది.
"నీ వీపు మీదివి నేనే లెక్కపెట్టాను. నలభై ఒకటి."
"నలభై మూడు," అంది బోగ్నా.
"నీకు లెక్కలు ఎప్పుడొచ్చాయి గనక."

దుప్పటి తొలగించి ఎడమ పాదం పట్టుకున్నాడు.
చిన్నప్పుడు వేలు ఆనితే చాలు
చక్కిలిగిలితో వాటా ఇళ్ళన్నీ లేపేసేది.
ఇప్పుడు గోడ మీది గడియారం చూస్తోంది.
"తెలుస్తోందా?"
"లేదు."
కాసేపాగి,
"బయట చలి ఎక్కువగా ఉందా?
నీ చెయ్యి తెలియట్లేదురా.
చలి తెలుస్తోంది."

అతను చెయ్యి తియ్యలేదు.
వేళ్ళు వెచ్చబడుతుంటే మాత్రం
లేచి వెళ్ళి
కిటికీ అద్దానికి రెండరచేతులూ ఆనించి
కాసేపు నిలబడి
మళ్ళీ వచ్చాడు.