బోర్లించిన గంజు

హన్మకొండ చౌరస్తాల, బ్యాంకు ముందర
స్టూలేసుకొని కూసుండే సారయ్యను నేను.
నెత్తిన ఇప్పుడు ఖాకీ టోపీ.
ఇదివరకు నీలం రంగుది ఉండె.

కాంగో యాడుందని అడుగుతరు.
మ్యాపుల ఏలు పెట్టి సూపిస్త గని
నాకైతే తాడ్వాయి అడవి దాటి
రెండు వాగుల అవతలనే ఉన్నట్టుంటది.
అదే ఎర్రమట్టి, అవే మక్కచేన్లు,
పొద్దుగూకంగనే తలుపులేసుకునే ఊర్లు.

మా క్యాంపుల ఆరు దేశాల జెండాలు.
ఉరుగ్వే డాక్టరు, నేపాల్ డ్రైవరు,
ముల్తాను కాడి సిపాయి ఒకడు
నా చాయల చక్కెర ఎక్కువైందని రోజూ తిట్టుకుంటనే
రెండు గ్లాసులు తాగేటోడు.
శాంతిని కాపాడుతున్నమని
గేటు మీద రాసి ఉండె, మూడు భాషల్ల.

ఓనాడు తెల్లారకముందే ఓ ఊరిని చుట్టుకున్నం.
గుడిసెల ముసలామె, ఇద్దరు మనుమరాండ్లు.
కెప్టెన్ ఇంగ్లీషుల అడిగిండు,
బహాటి దాన్ని వాళ్ల మాటల్లకు తిప్పిండు.
నాకు మాత్రం రెండూ కాదు,
మా వాడకట్టు మాటనే ఇనబడ్డది:
"రాత్రి ఎవలొచ్చిండ్రు? ఎవలకు బువ్వ పెట్టినవ్?"

నాకు తొమ్మిదేండ్లప్పుడు
మా వాకిట్ల బూట్లు గిదే అడిగినయ్.
అవ్వ కొంగు నోట్ల కుక్కుకొని
"ఎవ్వలు రాలే సారూ" అన్నది.
అప్పటికింక గంజు తడారలే.
పన్నెండు మందికి వండిన గంజు
ముగ్గురున్న ఇంట్ల బోర్లించి ఉన్నది.
వచ్చినోళ్లు లెక్కలు బాగ తెలిసినోళ్లు.
నాయిన పదకొండు దినాలకు తిరిగొచ్చిండు,
మళ్ల నాగలి పట్టలే.

అయినా నేను ఫౌజుకే పోయిన.
ఎకరం చెల్క, రెండు అప్పులు, పదోతరగతి పాసు.
ఇంకేం పోతరు?

ముసలామె తల అడ్డంగ ఊపింది.
పొయ్యి పక్కన ఇంత పెద్ద గంజు,
అంచు పొంటి నీళ్లు కారుతున్నయ్.
సూసింది నేనొక్కన్నే.
"కుచ్ నహీ సాబ్" అని బయటికొచ్చిన.

మూడోనాడు రోడ్డు మీద లారీ పేలింది.
నరబహదూర్‌కు మోకాళ్ల కింద ఏం మిగల్లే.
ఆ గంజుల తిన్నోళ్లో, వేరేటోళ్లో.
ఎవలూ చెప్పలే. నేనూ అడగలే.
ఆ రాత్రి ముల్తానోడు చాయ చేసిచ్చిండు,
చక్కెర లేకుంట.

మెడల్ వచ్చింది. పింఛను వస్తుంది.
ఇంట్ల చుట్టాలొచ్చిపోయిన రాత్రి
పెండ్లాం పెద్ద గంజు తోమి బోర్లిస్తే
తడారేదాక వంటింట్లకు పోను.
ఏమైందని అడుగుతది.
ఏం లేదంట.
పొద్దుగాల డ్యూటీ ఉన్నదంట.