అచ్చూ పోతా

బుడితిలో లోపింటి కూర్మయ్య
బర్మా నక్షత్రాన్ని ముందు చెవి దగ్గర మోగించాడు.
తర్వాత ఎండకి తిప్పాడు.

"సర్కారోడిది అచ్చుపని, అంచు కత్తినాగుంటాది.
ఇది పోత. ఇదిగో, కిరీటం కింద ఇసక పొక్కులు.
రిబ్బను నైలాను. యుద్ధంనాడు నూలేనమ్మా.
యెనక నంబరు నేదు, పేరు నేదు.
మీ తాత గుండెకి పెట్టుకొచ్చింది కాదిది."

విశాఖలో కొంటానన్నాయన
పొద్దుట్నించి రెండుసార్లు ఫోను చేశాడు.
ఆ డబ్బుతో ఏ అప్పు తీర్చాలో కూడా అనుకున్నాను.

ఆకురాయి గీతల్ని గోటితో తడుముతూ
కూర్మయ్య ఆగిపోయాడు.
"ఈ ఎడమచేతి వాటం మా అయ్యది."

తుపాను ఏడు, గింజల కోసం
నాయనమ్మ అసలుది అమ్మేసి
ఇది పోయించి ఉంటుంది, తాత చూపు పోయాక.
ఆయన బొటనవేలికి మాత్రం చూపు పోలేదుగా.
ఆదివారం ఆదివారం చింతపండుతో తోమి
వెనకవైపు నిమిరేవాడు,
పేరుండాల్సిన చోట.
అక్కడ ఇత్తడి పసిచెంపలా నున్నబడింది.
ఒక్కనాడూ అడగలేదు.

"ఎంతిమ్మంటారు?" అన్నాను, చూసిపెట్టినందుకు.
ఆయన నా పర్సు వైపు చూడలేదు.
"మా అయ్య పోసినవి బిందెలు, గంటలు.
ఎక్కడెక్కడికో ఎల్లిపోనాయి, కరిగిపోనాయి.
మా ఇంట ఒక్కటీ నేదు.
రెండ్రోజులు ఒగ్గీసి ఎల్తావేటి?"

నక్షత్రం కొలిమి పక్కన, గోనె మీద.
నరసన్నపేట బస్సెక్కాక గుర్తొచ్చింది,
చీటీ అయినా రాయించుకోలేదని.